కడుపులో దాచిన మాట

నేను చెన్నైలో ఒక ఆసుపత్రి పరిశోధనశాలలో పనిచేస్తాను. జీర్ణాశయ క్యాన్సర్‌లో పొడవాటి నాన్‌కోడింగ్ ఆర్ఎన్ఏలు ఏం చేస్తాయో చూడడం మా పని. మా ఇంట్లో ఎవరికీ ఈ పేరు నోరు తిరగదు. "మా పాప క్యాన్సర్ మీద చదువుతా ఉండాది" అని నాన్న అందరికీ చెప్పుకునేవాడు. అదే జబ్బు మా మేనత్తకు వచ్చిందని తెలిసిన రోజు మాత్రం ఆ మాట ఫోన్‌లో పలకలేకపోయాడు. "అదేనంటమ్మా" అన్నాడు, అంతే.

అత్త నాన్నకు అక్క. మామ పోయాక ఇందుకూరుపేట వైపు, సముద్రం ఒడ్డునున్న మా పల్లెలోనే ఉండిపోయింది. పడవల దగ్గర చేపలు కొని, ఉప్పు పట్టించి, ఎండబెట్టి ఊళ్లు తిరిగి అమ్మేది. కడుపులో మంటగా ఉందని చాలాకాలంగా అంటూనే ఉండేది. అంగట్లో గ్యాస్ మాత్ర కొని మింగి మళ్లీ పనిలో పడేది. ముద్ద దిగడం మానేసి, రవికెలన్నీ వదులైపోయాక గానీ ఎవరికీ భయం పుట్టలేదు. నెల్లూరులో ఎండోస్కోపీ చేసి, మా ఆసుపత్రికే పంపారు. ఆపరేషన్ చేస్తే నయమయ్యే వీలుందన్నారు. తేదీ ఇచ్చి ఇంటికి పంపారు.

ఇంట్లోవాళ్లు అత్తకు మాత్రం పుండని చెప్పారు.

మా ఆసుపత్రిలో ఆపరేషన్‌కు ముందు, తీసేసే గడ్డలోంచి చిన్న ముక్క పరిశోధనకు ఇస్తారా అని రోగిని అడుగుతారు. సొంత మనుషులను మేము అడగకూడదు, వేరేవాళ్లు అడుగుతారు. కానీ ఎవరడిగినా ముందు జబ్బు పేరు చెప్పాల్సిందే. ఈ సంగతి తెలిసి నాన్న కంగారుపడ్డాడు.

"ముక్కా వద్దు, అడగడమూ వద్దు. నీకు తెలిసినోళ్లేగా, ఆపించు."

"ముక్క ఇవ్వకపోయినా ఏం కాదు నాన్నా. కానీ కడుపులో చాలా భాగం తీసేస్తారు. తర్వాత మందులు ఎక్కిస్తారు, జుట్టు రాలుతుంది. పుండుకు ఇదంతా ఎందుకని అత్త అడిగితే ఏం చెప్తావు?"

నాన్న ఫోన్ పెట్టేశాడు. ఆ వారమే సెలవు పెట్టి ఊరికి వెళ్లాను.

అత్త వసారాలో గోడకు చేరగిలబడి కూర్చుని ఉంది. నాన్న గుమ్మం దగ్గర నిలబడ్డాడు. నేను పక్కన కూర్చుని చేయి పట్టుకున్నాను. దారంతా మనసులో కూర్చుకున్న మాటలేవీ గుర్తుకు రాలేదు.

"అత్తా, నీకుండేది పుండు కాదు. క్యాన్సర్."

ఆమె నావైపు చూడలేదు. నాన్నవైపు చూసింది.

"ఏరా, నీకు తెలుసా?"

"తెలుసక్కా."

"నా కడుపులో ఏముండాదో అందరికీ తెలిసి, నాకు తెలియకపోతే ఎట్టారా?"

"భయపడతావని..."

"భయపడేదాన్నే. ఏడ్చుకొనుంటా. నీ పెండ్లాం గంజి తెచ్చిస్తా కండ్లు తుడుచుకుంటా ఉంటే మీ ఇంట్లో ఏదో గొడవనుకున్నా గదరా!"

నాన్న భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకుని ఇసుకలోకి దిగి వెళ్లిపోయాడు. నాన్న వెళ్లిన వైపే అత్త కాసేపు చూసింది. తర్వాత మెల్లగా అడిగింది.

"చచ్చిపోతానా?"

"నయమయ్యే వీలుందని డాక్టరు చెప్పినాడత్తా. తప్పకుండా అని ఆయనా అనలేదు, నేనూ అనలేను."

"ఉప్పు చేపలు తినబట్టేనా?"

జీవితమంతా చేసిన పనే తనను ఇక్కడికి తెచ్చిందేమోనని ఆమె భయం. ఉప్పు ఎక్కువైతే ముప్పు పెరుగుతుందని, కడుపులో చేరే ఒక సూక్ష్మక్రిమి వల్ల కూడా పెరుగుతుందని, ఆమెకు ఎందువల్ల వచ్చిందో మాత్రం ఎవరూ తేల్చలేరని చెప్పాను. "నీ తప్పేం లేదత్తా" అని మళ్లీ మళ్లీ అన్నాను.

"మరి నువ్వు చదివేదేంది?"

అంతవరకు ఆమె ఎప్పుడూ అడగలేదు.

"పెద్దవల లాగేటప్పుడు ఒడ్డున నిలబడి కేకేసేవాళ్లుంటారు గదా. వాళ్లు వల ముట్టుకోరు. ఎప్పుడు లాగాలో, ఎప్పుడు ఆపాలో చెప్తారు. మన కణాల్లో ఈ పొడుగు ఆర్ఎన్ఏలు చాలావరకు అట్టాంటివే. మిగతా ఆర్ఎన్ఏలు కొన్ని ప్రోటీన్ల తయారీకి పనికొస్తాయి. వీటి నుంచి ప్రోటీన్ రాదు గాబట్టి ఒకప్పుడు చెత్త అనుకున్నారు. క్యాన్సర్‌లో లాగమనేవి ఎక్కువైపోతాయి, ఆపమనేవి తగ్గిపోతాయి. గడ్డ పెరుగుతుంది, పక్కకు పాకుతుంది. వాటిని రక్తంలో పట్టుకోగలిగితే జబ్బు ముందే తెలుస్తుందేమోనని చూస్తా ఉండాం."

"అది నాకు పనికొస్తుందా?"

"రాదత్తా. ఇంకా మందు దాకా రాలేదు."

"ఎవురికన్నా?"

"ఎప్పటికైనా రావచ్చు. రాకపోనూ వచ్చు."

ఆమె తల ఊపింది. తీసేసే గడ్డలోంచి చిన్న ముక్క పరిశోధనకు ఇస్తావా అని ఆసుపత్రివాళ్లు అడుగుతారని, ఇష్టం లేకపోతే వద్దనొచ్చని చెప్పాను. ఇస్తాననీ ఇవ్వననీ అనలేదు. చీకటిపడే వేళకు నాన్న తిరిగొస్తే, "కూడు తిన్నావారా?" అని మాత్రం అడిగింది.

ఆసుపత్రిలో అడిగినప్పుడు అత్త ఒప్పుకుందని తర్వాత తెలిసింది. ఆపరేషన్ రోజు నేను ల్యాబ్‌కు వెళ్లలేదు. నాన్న పక్కన బెంచీ మీద కూర్చున్నాను. మా దగ్గరికి ఆ ముక్కలు వచ్చే గొట్టాల మీద పేర్లుండవు, ఏది అత్తదో నాకు తెలియదు. అయినా ఆ తర్వాత కొన్నాళ్లపాటు ఏ గొట్టం తీసినా చేయి ఒక క్షణం ఆగేది.

కోలుకోవడం సులువుగా జరగలేదు. రెండు ముద్దలు ఎక్కువైతే చెమటలు పట్టి పడుకునేది. మందులు ఎక్కించిన రోజుల్లో చేపల వాసనకే వాంతి చేసుకునేది. ఆ పల్లెలో ఆ వాసన లేని చోటు ఎక్కడుంది? అమ్మ ఆమెను మా ఇంట్లో వెనక గదిలో పడుకోబెట్టి, కిటికీకి తడిగుడ్డ కట్టింది. అత్తకు ఒక్కోసారి కోపమొచ్చి అందరినీ తిట్టేది. తిట్టనిచ్చాం.

ఇప్పటివరకు గడ్డ తిరిగి రాలేదు. పరీక్షలకు చెన్నై వచ్చిన ప్రతిసారీ నా మంచం మీద పడుకుని నిద్రపోకుండా అటూ ఇటూ దొర్లుతుంది. ఫలితం డాక్టరు మొదట తనకే చెప్పాలని, నాన్న బయట కూర్చోవాలని ఆమె షరతు. మొన్న బయటికి వచ్చి, నాన్నను కాసేపు ఊరికే నిలబెట్టి, "బాగానే ఉండాదంటరా" అంది. నాన్న అక్కడే, అందరి ముందూ, ఆమె చేతులు పట్టుకుని ఏడ్చాడు. "ఊరుకోరా, జనం చూస్తా ఉండారు" అంటూ తనూ కళ్లు తుడుచుకుంది.