బీడీ అయ్యేదాకా

కరెంటు స్తంభం ఎక్కేముందు మా ఉస్తాద్ దాని కింద కూర్చునేవాడు. సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైన్ ఆపించాక ఒక బీడీ ముట్టించేవాడు. అది అయ్యేదాకా ఏమీ చేసేవాడు కాదు, మాట్లాడేవాడూ కాదు. లైన్‌మన్‌గా చేరిన కొత్తలో ఆ కూర్చోవడం చూస్తే నాకు ఒళ్ళు మండేది. అవతల ఫోన్ నిండా కంప్లైంట్లు, ఈయనేమో సర్కారు జీతం మీద పొగ వదులుతున్నాడు.

ఆ సాయంత్రం మాదన్నపేటలో గాలివానకు తీగ తెగింది. లైన్ ఆపించాం. మబ్బు మళ్ళీ నల్లగా కమ్ముకొస్తోంది. గల్లీ అంతా మా చుట్టూ మూగింది. "భాయ్, లైట్ కబ్ ఆతీ? ఎప్పుడొస్తది?" అని ఒకరు, "పిల్లకు రేపు పరీక్ష ఉంది సార్" అని ఒకరు. ఉస్తాద్ తడి అరుగు తీరిగ్గా తుడుచుకుని కూర్చున్నాడు.

"అన్నా, నువ్వు తాగు. నేను ఎక్కి కట్టేసి వస్త."

"కూసో."

"లైన్ బంద్ చేసిండ్రు కదా! ఇంకేంది?"

"బంద్ చేసినోడు ఆడ ఉన్నడు. ఈ గల్లీల ఏమైతున్నదో ఆనికేం ఎర్క? కూసో."

నేను వినలేదు. నిచ్చెన రెండు మెట్లు ఎక్కేసరికి ఆయన నా బెల్టు పట్టి కిందికి లాగాడు. అందరి ముందూ పరువు పోయింది. లోపల తిట్టుకుంటూ పక్కన కూలబడ్డాను. చేతులు ఊరికే ఉండలేక కటింగ్ ప్లయర్‌ను తెరుస్తూ మూస్తూ ఉన్నాను. కాసేపటికి జనం కూడా విసిగి ఊరుకున్నారు. అప్పుడు వినిపించింది, గల్లీ చివరి ఫంక్షన్ హాల్లో జనరేటర్ మొదలైన చప్పుడు. పెళ్ళివాళ్ళు దిగినట్టున్నారు.

ఎదురుగా పాన్ డబ్బాలో బల్బు ఎర్రగా వెలిగింది.

"లైట్ ఆగయీ!" అని పిల్లలు కేక పెట్టారు. మేమింకా ఏ తీగా ముట్టుకోలేదు. సబ్‌స్టేషన్ వాళ్ళు లైన్ ఇవ్వలేదు. హాల్లో ఎవరో తప్పుగా కలిపిన జనరేటర్ కరెంటు వెనక్కి తన్ని, నేను కట్టబోయిన తీగలోకే వస్తోంది. ఎక్కి ఉంటే ఈపాటికి నా రెండు చేతులూ దాని మీదే ఉండేవి. భయంతో పాటు సిగ్గు కూడా వేసింది.

ఉస్తాద్ నా వంక చూడలేదు. హాలుకు మనిషిని పంపి జనరేటర్ ఆపించాడు. బల్బు ఆరిపోయింది. ఆయన ఇంకో బీడీ తీశాడు. ఈసారి ఎవరూ తొందరపెట్టలేదు, నేనైతే అస్సలు.

ఇప్పుడాయన రిటైరయ్యాడు. నాకు బీడీ అలవాటు లేదు, ఊరికే కూర్చుంటాను. నిన్న సైదాబాద్‌లో ఒకాయన మీదికొచ్చాడు. "పని చేయనీకి వచ్చినవా, కూసోనీకి వచ్చినవా?"

నేను ఎదురు కొట్టు బల్బు వెలుగుతుందేమోనని చూస్తూ కూర్చున్నాను.