లోపాలు చెప్పే మావయ్య

అద్దెకు దిగబోయేవాళ్ళని ఆపి, ఆ ఇంట్లో ఉన్న లోపాలన్నీ వాళ్ళకి పూసగుచ్చినట్టు చెప్పడం మా తాళాల మావయ్యకున్న ఒకే ఒక్క వ్యసనం.

మావయ్య మా అమ్మకి అన్నయ్య. మా వీధి మొదట్లోనే ఆయన తాళాల షాపు. ఇల్లు చూడ్డానికొచ్చినా, వీధి చూడ్డానికొచ్చినా ఆయన్ని దాటుకునే రావాలి. ఒకసారి ఎవరో మా వీధి ఇళ్ళ పాత చెక్క బాల్కనీలని ఫొటోలు తీసుకుంటూ, "ఎంత బాగున్నాయండీ" అన్నారు.

"బాగానే ఉంటాయి. కింద మాత్రం నిలబడకండి" అన్నాడు మావయ్య.

వీధిలో సగం ఇళ్ళు ఖాళీ. మనుషుల్లేని ఇళ్ళు పడగొట్టి, ఊరు చూడ్డానికొచ్చేవాళ్ళ కార్లకు పార్కింగు కడతామంది మున్సిపాలిటీ.

"కార్లు దిగి ఏం చూస్తారట? పార్కింగునా?" అన్నాడు మావయ్య.

"మరి అద్దెకొచ్చేవాళ్ళని నువ్వే తరిమేస్తున్నావుగా. ఆ నోటికి కూడా ఓ తాళం చేసుకో అన్నయ్యా" అంది అమ్మ.

మా మేడ మీది వాటా చూడ్డానికి ఒక జంట వచ్చింది. ఆమె నర్సు. ఆయన బాగా పొడుగు. అమ్మ వాళ్ళకి కాఫీ ఇచ్చి, మావయ్యని కబుర్లలో పెట్టమని నన్ను షాపుకి తరిమింది. నేను వెళ్ళేసరికి షాపు మూసి ఉంది. మావయ్య అప్పటికే మా మేడ మీదున్నాడు.

"కొళాయి రాత్రంతా కారుతుందండీ. మెట్లు నిలువుగా ఉంటాయి. ఆ దూలం మీ తలకి తగలడం ఖాయం" అంటున్నాడు. అమ్మ వెనక నుంచి ఆపమని సైగలు చేస్తోంది.

"ఇంకా ఏమైనా ఉన్నాయా?" అంది నర్సు.

"ఉన్నాయి. వీధిలో అందరూ మీ సంగతులు అడుగుతారు. చెప్పకపోతే వాళ్ళే కథలు కల్పిస్తారు."

ఆలోచించుకుంటామని వాళ్ళు వెళ్ళిపోయారు. అమ్మ వారం రోజులు అన్నయ్యతో మాట్లాడలేదు.

ఆ తర్వాతి ఆదివారం పొద్దున్న, మావయ్యకి మాత్రమే కబురు పెట్టి, ఆ జంట సామానుతో సహా దిగింది. అమ్మ గబగబా మేడెక్కి చూస్తే, కొళాయికి కొత్త వాషరు బిగిస్తూ మావయ్య. మెట్ల పక్కన పట్టుకోవడానికి కమ్మీ. దూలానికి మెత్తగా చుట్టిన పాత పరుపు ముక్క.

"ఇదంతా ముందే చేసి ఉండొచ్చుగా అన్నయ్యా?"

"అన్నీ బాగున్నాయని దిగినవాళ్ళు ఏదో ఒకటి పాడైన రోజున ఖాళీ చేసి పోతారే. మనకి ఉండేవాళ్ళు కావాలి."

"ఆ దూలమేదో కోసేస్తే పోయేది కదా?"

"దూలం మనది, తల ఆయనది. రెండూ ఉండాలి."

పొడుగాయన పెట్టె దించి నవ్వాడు. "నిజానికి మేం వద్దనే అనుకున్నామండీ. ఆ రోజు ఈయన బస్టాపు దాకా వెంటొచ్చారు. ఇంకొన్ని చెప్పడం మర్చిపోయానన్నారు. సాయంత్రం నది గాలి నేరుగా ఈ గదిలోకే వస్తుందట. ఈవిడ డ్యూటీ నుంచి ఎంత ఆలస్యంగా వచ్చినా, వీధిలో ఎవరో ఒకరు గుమ్మంలో దీపం ఉంచుతారట. మీ అంత మంచి ఇల్లుగలావిడ దొరకదని కూడా అన్నారు."

అమ్మ అన్నయ్య వైపు తిరిగింది. మావయ్య చెవులదాకా ఎర్రబడి, పనిముట్ల సంచిలో తల దూర్చేశాడు.

"వానొస్తే వెనక గోడ చెమ్మ పడుతుందని కూడా చెప్పాను" అని గొణిగాడు.