ఎనిమిదో తలుపు

బావ కొత్త ఫ్లాట్‌లో ఆ అద్దాల అల్మారా చూడగానే నాకు ఒళ్ళు మండింది. బావ అంటే మా మేనత్త కొడుకు. ఖమ్మంలో మంచి ఉద్యోగం. ఆ ఆదివారం చుట్టాలందరినీ భోజనానికి పిలిస్తే టేకులపల్లి దగ్గరి మా ఊరి నుంచి నాయిన, నేను బస్సులో వెళ్ళాం. హాల్లో ఒక గోడ పొడుగునా పాత సామాన్లు సర్ది, వాటి మీద పసుపుపచ్చ లైట్లు పడేలా పెట్టాడు. టేప్ రికార్డర్, తాళం వేసుకునే ఫోను, తలుపులున్న బ్లాక్ అండ్ వైట్ టీవీ, నడుమ వీడియో గేమ్ డబ్బా.

"ఇదంతా నా చిన్నతనం" అని వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాడు. ఆ టీవీ, ఆ టేప్ రికార్డర్, ఆ గేమ్ డబ్బా మూడూ మా ఇంటి అటక మీద నుంచి పట్టుకుపోయినవే. కిందటేడు కారేసుకుని వచ్చి, నిచ్చెన అడిగి, తనే పైకెక్కి దించుకున్నాడు. వాళ్ళే ఇచ్చిన సామాన్లు కదా అని అమ్మ కాదనలేదు. వాళ్ళకు అక్కరలేనప్పుడు అవి మావి, ముద్దొచ్చినప్పుడు వాళ్ళవి.

అల్మారాలో అన్నీ ఉన్నాయి గానీ స్టెబిలైజర్ లేదు. నా కన్ను ముందు దాని కోసమే వెతికింది.

మేనత్త వాళ్ళు అప్పట్లో పాల్వంచలో కరెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఉండేవాళ్ళు. మామది షిఫ్టు డ్యూటీ. వేసవి సెలవులకు నన్ను అక్కడికి పంపేవారు. మామ రాత్రి డ్యూటీ చేసి వచ్చి పగలంతా పడుకుంటే, ఆయన మీద ఫ్యాను పొద్దుగూకే దాకా ఆగకుండా తిరిగేది. నాకు అదే పెద్ద వింత. ఫ్యాను తిరుగుతూ తిరుగుతూ ఆగిపోవడం దాని స్వభావమని అప్పటిదాకా అనుకునేదాన్ని.

ఆ ఇంట్లో గేమ్ ఆడేది బావ, పక్క క్వార్టర్ల మగపిల్లలు. నా పని తీగ పట్టుకోవడం. డబ్బా నుంచి టీవీకి వెళ్ళే తీగ వదులైపోయింది. వేలితో నొక్కి పట్టుకుంటే బొమ్మ నిలబడేది, వదిలితే తెరంతా చుక్కలే. ఆడపిల్లను కదా, ఓపికగా కూర్చుంటానని నన్ను టీవీ వెనక కూర్చోబెట్టారు. మెడ సాచి వంకరగా చూస్తే సగం తెర కనిపించేది.

"ఒక్కసారి నాకియ్యవా బావ" అని అడిగేదాన్ని.

"నీకు రాదులేవే. తీగ ఇడువకు" అనేవాడు.

ఆ సగం తెరలోనే ఆట మొత్తం నేర్చుకున్నాను. ఒక పిట్టంత మనిషి అడవిలో బయలుదేరతాడు. చెట్లు, వాగు, గుట్ట, గుహ, ఇలా ఒక్కో స్టేజీ దాటుకుంటూ కోటకు చేరతాడు. ఎనిమిదో స్టేజీ చివర ఇనుప తలుపు ఉంటుంది. దాని ముందు గంటలన్నీ వరసగా కొడితే అది తెరుచుకుంటుంది. ఒకరోజు బావ ఆ గంటలు కొడుతుండగా మేనత్త వంటింట్లోంచి నన్ను కేకేసింది, పిండి పిసకాలని. తీగ ఇంకొకరి చేతికిచ్చి లేచాను. చేతులు కడుక్కుని వచ్చేసరికి టీవీ కట్టేసి అందరూ క్రికెట్‌కు పోయారు.

సాయంత్రం బావను అడిగాను, తలుపు లోపల ఏముందని.

"చెప్తే మజా ఏముంటది. ఎప్పుడన్న నువ్వే ఆడి చూస్కో" అని నవ్వాడు.

తీగ ఒక్కటే నా చేతిలో పెట్టి, ఆడి చూసుకో అన్నాడు. ఆ నవ్వు నాకు ఇప్పటికీ గుర్తే.

కాలనీలో ఏదైనా పాతబడితే అది మా ఇంటికొచ్చేది. వాళ్ళకు కలర్ టీవీ రాగానే బ్లాక్ అండ్ వైట్ మాకొచ్చింది. సీడీ ప్లేయర్ కొనగానే టేప్ రికార్డర్ వచ్చింది. "మీకు పనికొస్తది, తీసుకపోన్రి" అనేది మేనత్త. ఆమె మనసు మంచిదే, కాదనను. కానీ మా ఇల్లు వాళ్ళ ఇంటికి అటక అయిపోయింది. అమ్మ మాత్రం ఆ టీవీకి కుట్టుపూల గుడ్డ కప్పి, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు దాని దుమ్ము కూడా తుడిచేది. వాళ్ళింట్లో కంప్యూటర్ వచ్చిన ఏడాది గేమ్ డబ్బా వచ్చింది. సంచిలోంచి దాన్ని తీసినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది ఆ తలుపే.

తీగకు కొత్త పిన్ను నేనే వేసుకున్నాను. రోజూ బడి నుంచి రాగానే కూర్చునేదాన్ని. చేతులు చెప్పిన మాట వినడం మొదలుపెట్టాయి. కానీ ఆ ఆటలో ఆగిన చోటు నుంచి మళ్ళీ మొదలుపెట్టే వీలు లేదు. కరెంటు రెప్పపాటు పోయినా చాలు, మనిషి మళ్ళీ అడవిలో ఉంటాడు. ఆ రోజుల్లో మా ఊళ్ళో కరెంటు సంగతి వేరే చెప్పాలా. పాల్వంచ నుంచి పోయే పెద్ద లైను మా చేను మీదుగానే వెళ్తుంది. దాని కోసం అడవిని దారి పొడుగునా నరికారు. వానాకాలంలో ఆ తీగల కింద నిలబడితే గుయ్యిమని మోత వినిపించేది. మా నెత్తి మీద అంత కరెంటు పోతుండేది, మా ఇంట్లో బల్బు ఎర్రగా మినుకుమినుకుమనేది.

ఉన్న కాస్త కరెంటుకూ ఇంకో తిప్పలు. బావుల దగ్గర మోటార్లకు త్రీ ఫేజ్ కావాలి. అది వంతులవారీగా ఇచ్చేవాళ్ళు. వంతు ఎగ్గొట్టేవాళ్ళు కూడా. ఇళ్ళకు వచ్చే సింగిల్ ఫేజ్ మీద మోటార్ తిరగదు. అందుకని రైతులు స్టార్టర్ డబ్బాలో కండెన్సర్ బిగించి, ఇళ్ళ కరెంటు మీదనే మోటార్ నడిపేవాళ్ళు. అలా చేయకూడదని అందరికీ తెలుసు, అందరూ చేసేవాళ్ళు. మిరప చేను ఎండిపోతుంటే ఎవరు ఊరుకుంటారు? ఒక మోటార్ పడితే ఊళ్ళో లైట్లు కుంగేవి. ఇంకోటి పడితే ట్యూబులైటు ఆరిపోయేది.

మా టీవీ పక్కన స్టెబిలైజర్ ఉండేది. దాని ముఖాన గడియారంలో లాగా వోల్టేజీ చూపించే ముల్లు. నేను ఒక కన్ను ఆట మీద, ఒక కన్ను ముల్లు మీద పెట్టి ఆడేదాన్ని. ముల్లు కిందికి జారుతుంటే తెర మీద బొమ్మ నాలుగు పక్కల నుంచీ ముడుచుకుపోయేది. తర్వాత టక్కుమని ఒక చప్పుడు. అంతే, ఆట పోయేది.

ఒకరోజు మొదటిసారి ఆ తలుపు దాకా వెళ్ళాను. గంటలు కొడుతున్నాను. ఇంకొక్కటే మిగిలింది. ముల్లు జారింది, టక్కుమంది. అప్పుడు మోటార్ వేసింది మా నాయినే. చేలోంచి మట్టికాళ్ళతో వచ్చేసరికి నేను ఏడుస్తున్నాను. కోపంతో ఏడుస్తున్నాను. ఆయనను తిట్టడానికి లేదు, ఆ మిరప చేనే మాకు అన్నం పెడుతుంది. తిట్టాల్సినవాళ్ళు ఎక్కడుంటారో నాకు తెలియదు. కోపం ఎవరి మీద చూపాలో తెలియకపోవడం కంటే నరకం లేదు.

"ఏందే, ఏమైంది?" అని నాయిన అడిగాడు. తలుపు సంగతి చెప్పాను.

"తలుపుల ఏమున్నదే?"

"తెల్వదు నాయినా. అదే చూద్దామనుకున్న."

ఆయన అరుగు మీద కూర్చుని కాళ్ళకు అంటిన మట్టి గోకుతూ కాసేపు ఆలోచించాడు.

తర్వాతి ఆదివారం పొద్దున నేను టీవీ ముందు కూర్చుంటే, నాయిన చేనుకు పోకుండా వచ్చి గడప మీద కూర్చున్నాడు. "ఇయ్యాల మోటర్ ఎయ్య. గా తలుపు సంగతేందో చూడు" అన్నాడు. అమ్మకు ఒళ్ళు తెలియని కోపమొచ్చింది. "చేను వాడుబట్టింది, ఇయ్యాల తడి పెట్టకుంటే పూతంత రాల్తది. బొమ్మలాట కోసం తడి ఇడుస్తవా?" అని అరిచింది. "ఒక్క పొద్దే గదా" అన్నాడు నాయిన.

నా జీవితంలో అంత బాగా ఎప్పుడూ ఆడలేదు. నాయిన వెనక నుంచి "ఆ వాగు దాటినవా? అవ్, దాటినవు" అని తనకు తనే చెప్పుకుంటున్నాడు. ముల్లు నిటారుగా నిలబడింది. కోటలోకి వచ్చాను. గంటల దగ్గరికి వచ్చాను. మా మోటార్ ఆగింది కదా, ఊళ్ళో వోల్టేజీ పెరిగింది. లైట్లు తెల్లగా వెలుగుతుంటే చూసి, ఇదే అదనని మా పక్క చేనాయన తన మోటార్ వేశాడు. అది చూసి ఆ అవతలాయన కూడా వేశాడు. ముల్లు ఒక్కసారే కిందికి పడిపోయింది.

నాయిన లేచి బయటికి వెళ్ళాడు. పక్క చేనాయనతో గొడవ పడతాడనుకున్నాను. పడలేదు. ఆయన జాగాలో ఉంటే తనూ అదే చేసేవాడు కదా. వాకిట్లో కొంచెంసేపు నిలబడి లోపలికి వచ్చి, "మల్ల చూద్దాంలే బిడ్డా" అన్నాడు. ఆ 'మళ్ళీ' ఇక రాలేదు. ఆ వారమే త్రీ ఫేజ్ ఒక్కసారిగా ఎక్కువ వోల్టేజీతో వచ్చి గేమ్ అడాప్టర్ కాలిపోయింది. ఇల్లంతా కాలిన వాసన. మిరప పూత సగం రాలింది. ఆ ఏడంతా అన్నం వడ్డించినప్పుడల్లా అమ్మ ఆ తడి మాట ఎత్తేది. నాయిన తలవంచుకుని తినేవాడు. డబ్బా అటకెక్కింది.

ఆ డబ్బాకే ఇప్పుడు బావ కొత్త అడాప్టర్ వేయించి, గోడంత టీవీకి కలిపాడు. ప్లేట్లలో స్వీట్లు పెట్టుకుని నిలబడ్డవాళ్ళకు కథ చెబుతున్నాడు. "అప్పట్ల ఆట మధ్యల కరెంట్ పోయేది. మల్ల మొదటి నుంచి ఆడేటోల్లం. వోల్టేజీ ఉండకపోయేది. గిప్పటి పిల్లలకు ఆ మజా ఏం తెలుసు" అన్నాడు.

నాకు చేతిలో ప్లేటు విసిరేయాలనిపించింది. ఆ కాలనీలో కరెంటు ఎప్పుడు పోయింది? ఫ్యాను ఎప్పుడు ఆగింది? టీవీ, టేప్ రికార్డర్ పట్టుకుపోయింది చాలక మా తిప్పలు కూడా పట్టుకుపోయాడు. వాటికి లైట్లు పెట్టి, మజా అని పేరు పెట్టాడు. మేము ఏడ్చిన ఏడుపు ఆయన చిన్నతనమైపోయింది.

ప్లేటు కింద పెట్టి, అడగకుండానే బావ చేతిలోంచి గేమ్ రిమోట్ లాక్కున్నాను. మొదటి నుంచి ఆడాను. వేళ్ళు ఏదీ మరిచిపోలేదు. చెట్లు, వాగు, గుట్ట, గుహ. వెనకున్నవాళ్ళు మెల్లగా మాటలు ఆపారు. నాయినకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు, సోఫాలో ఓ మూల కూర్చుని ఉన్నాడు. నా చూపు అలవాటుగా టీవీ పక్కకు పోతోంది ముల్లు కోసం. అక్కడ పూలకుండీ ఉంది. గంటలన్నీ కొట్టాను. తలుపు తెరుచుకుంది.

లోపల అడవి ఉంది. మొదటి స్టేజీ అడవే. మనిషి బయలుదేరిన చోటే నిలబడి ఉన్నాడు.

"గంతేనే. మల్ల మొదలైతది" అని బావ నవ్వాడు. "నీకు తెల్వదా?"

"నీకు అప్పుడే తెలుసా?"

"ఎందుకు తెల్వదు, ఎన్నిసార్లు ఆడిన. అందుకే గదా ఇసుగొచ్చి మీకిచ్చేసింది."

వాళ్ళకు విసుగొచ్చే దాకా కరెంటు ఉంది. మాకు చివరిదాకా వెళ్ళి మోసపోవడానికి కూడా కరెంటు లేదు.

"తలుపు తెరుసుకున్నదా బిడ్డా?" అని సోఫాలోంచి నాయిన అడిగాడు. ఇన్నేళ్ళూ ఆయన మరిచిపోయాడనే అనుకున్నాను. "ఏమున్నది లోపట?"

"ఏం లేదు నాయినా. మళ్ళీ మొదటి అడివే."

నాయిన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, "గా పొద్దు చేనుకు తడన్న పెట్టుకునేది ఉండె" అన్నాడు.

"ఏం తడి మామా?" అన్నాడు బావ.

చెబితే ఆ మాటను కూడా అల్మారాలో పెట్టుకుంటాడు. ప్లగ్గు పీకి, తీగ చుట్టి, డబ్బాను నా సంచిలో పెట్టుకున్నాను. "అరే, గదేంది, అక్కడ జాగ బోసిగ కనిపిస్తది" అన్నాడు బావ.

"మా అటక మీద స్టెబిలైజర్ ఉన్నది. వచ్చి తీసుకపోయి ఆడ పెట్టుకో బావ" అన్నాను. "ముల్లు కింద పడి ఉన్నది. దాన్ని లేపకు, గట్లనే పెట్టు."