మామ పెదవికి తగిలిన పొర

మొన్న మా ప్రయోగశాలలో ఒక విద్యార్థిని పట్టుగూళ్ళను బట్టల సోడా కలిపిన నీళ్ళలో ఉడకబెడుతోంది. ఆ పచ్చి జిగురు వాసన నా గదిలోకి రాగానే చిరాకెత్తింది. వాసన మీద కాదు, ధర్మవరంలో మా పక్కింటి సంజీవప్ప మామ మీద. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. అయినా నన్ను విసిగించడం మానలేదు.

మా నాయన చీరలు నేసేవాడు. మామ పట్టు ఉడకబెట్టి రంగులు అద్దేవాడు. తొంభైలలో, నేను హైస్కూల్లో ఉన్న రోజుల్లో, తడి పట్టు కట్టలను వెదురుకు తగిలించి, కింది కొసన కర్ర దూర్చి గట్టిగా లాగి ఆరబెట్టేవాడు. ఎందుకలా లాగుతావని అడిగితే ఆ కర్ర నా చేతికిచ్చి, పట్టుకుంటే అదే తెలుస్తుందనేవాడు. చేతులు పీకేవి గానీ ఏమీ తెలిసేది కాదు. అడిగినదానికి సూటిగా జవాబు చెప్పిన పాపాన పోలేదు ఆ మనిషి. పైగా దారం ఆరిందో లేదో పెదవికి తగిలించి చూసే అలవాటొకటి. దారంతో ఆగితే బాగుండేది. కొత్త వస్తువేది కనబడినా ముందు ఆయన పెదవికి తగలాల్సిందే. నా జామెట్రీ బాక్సులోని స్కేలు కూడా తప్పించుకోలేదు.

రెండువేల సంవత్సరం తర్వాత బెంగళూరులో పరిశోధనకు చేరాను. పట్టులోని ప్రోటీనును చిన్న ముక్కలు చేస్తే వచ్చే పెప్టైడ్లను ఒక పాలిమర్‌తో కలిపి, కాగితం కన్నా పలుచని పొర తయారు చేయడం నా పని. తేమ తగిలితే అది వంగాలి, ఆరితే మళ్ళీ చదునుగా కావాలి. వంగేది, కానీ ఒక్కోటి ఒక్కో తీరుగా. ఒకటి చాపలా చుట్టుకునేది, ఇంకొకటి మూలనుంచి మెలి తిరిగేది. రెండు నెలల్లో అన్నీ ఒకే తీరుగా వంగకపోతే అంశం మార్చేస్తానని మా గైడు చెప్పేశారు. అంటే మూడేళ్ళ చాకిరీ గంగలో కలిసినట్టే.

ఆ దిగులుతో, మిగిలిన ఏడు పొరలనూ స్టీలు డబ్బాలో పెట్టుకుని ఇంటికి బయలుదేరాను. హిందూపురం, పెనుకొండ దాటేదాకా రైల్లో దాన్ని ఒళ్ళోనుంచి దించలేదు. అంత భద్రంగా తెచ్చినదాన్ని మామ వచ్చీ రాగానే మూత తీసి, ఒక పొరను పెదవికి ఆనించాడు. అది చుట్టుకుపోయింది. నేను లేచి చేరేలోగా రెండోదీ ఆనించాడు. అది మెలి తిరిగింది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఆయన మాత్రం రెండింటినీ వెలుతురుకు పెట్టి చూసి, తాపీగా అడిగాడు.

"ఎట్ల ఆరబెడతాండావు పాపా వీటిని?"

కలిపిన ద్రావణాన్ని గాజు పలక మీద పోసి వదిలేస్తానన్నాను.

"వదిలేస్తే దానిష్టమొచ్చినట్ల ఆరతాది. తడి ఉండంగానే లాగి పట్టు. బిగుతులో ఆరిందే చెప్పినట్ల వింటాది."

జీవితంలో మొదటిసారి సూటిగా జవాబు చెప్పాడు, నేనే వినలేదు. కాలేజీ గడప తొక్కని మనిషి నాకు చెప్పేదేమిటని, పాడు చేసింది చాలు మామా అని విసురుగా అనేశాను. కాఫీ తాగి వెళ్ళిపోయాడు.

ఇరవై రోజులు బెట్టు చేశాను. ఇక వేరే దారి లేక, తడి పొరను రెండు క్లిప్పుల మధ్య సాగదీసి ఆరబెట్టాను. పది చేస్తే పదీ ఒకే వైపు వంగాయి.

నా థీసిస్‌లో దాని మీద ఒక అధ్యాయమే ఉంది. కృతజ్ఞతల పేజీలో గైడు, స్నేహితులు, హాస్టలు వంటమనిషి, అందరూ ఉన్నారు. మామ లేడు. ఒక అద్దకంపనివాడు పెదవికి తగిలించి చెప్పాడని రాస్తే థీసిస్ చదివే పెద్దవాళ్ళు నవ్వుతారనుకున్నాను.

మామ చెప్పినట్టు చేస్తేనే కుదిరిందని ఇంట్లో చెప్పి ఉన్నాను కాబట్టి, పుస్తకం మామకు చూపించి రమ్మని నాయన పంపాడు. మామ రంగు చేతులు తుండుకు తుడుచుకుని, పేజీలు జాగ్రత్తగా తిప్పి, ఎంతో మామూలుగా అడిగాడు.

"నా పేరు యాడుండాది పాపా?"

ఆయనకు ఇంగ్లీషు చదవడం రాదు. కృతజ్ఞతల పేజీ తీసి ఒక పంక్తి మీద వేలు పెట్టాను. ఆయన అత్తను పిలిచి, ఈడ రాసింది సూడు అని చూపించాడు. అది మాకు రసాయనాలు అమ్మిన కంపెనీ పేరు.

ఇప్పుడు నా విద్యార్థులు ఏం రాసినా ముందు కృతజ్ఞతలే చదువుతాను. ఎవర్ని వదిలేశావని వాళ్ళ ప్రాణం తోడేస్తాను. నా చాదస్తం వాళ్ళకు విసుగు. నాకు మాత్రం మామ మీదే విసుగు. ఆ వీధిలో ఇంగ్లీషు చదివే పిల్లలు ఇంటికొకరున్నారు. ఒక్కసారి ఎవరిచేతనైనా ఆ పంక్తి చదివించుకుని, వచ్చి నన్ను తిట్టి ఉండొచ్చు కదా.