మా మామను ఎత్తుకుపోయిన పైనోళ్లు

ఇరవై దాటగానే ప్రతివాడికీ ఏదో ఒక పిచ్చి పడుతుంది. ఇంటికొక సెల్‌ఫోన్ అప్పుడప్పుడే వస్తున్న ఆ రోజుల్లో మా నారాయణఖేడ్ కుర్రాళ్లలో కొందరికి క్రికెట్ పట్టింది, కొందరికి టీచరు పరీక్ష పట్టింది, నాకు మాత్రం నవల పట్టింది. అదీ మామూలు నవల కాదు, వేరే గ్రహం వాళ్లు దిగి మనుషుల్ని ఎత్తుకుపోయే నవల. నేను నాగల్‌గిద్దలో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పేవాణ్ణి. రోజూ మా మేనమామ షేర్ ఆటోలోనే పోయేవాణ్ణి కాబట్టి, ఎత్తుకుపోవడానికి ఆ ఆటో కంటే దగ్గరి వస్తువు కనబడలేదు. మామకు ఆ ఏడాది ఆటో నడపడం మీద మనసు విరిగింది. దాన్ని అమ్మేసి దుబాయి పోతానని పట్టుబట్టాడు. ఒక ఏజెంటు ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు, అత్తేమో వద్దని మొత్తుకుంటోంది.

రాసింది రాసినట్టు దారిలో అందరికీ వినిపించేవాణ్ణి. కంది చేల మధ్య ఒక మెరిసే వాహనం దిగి, ఆటోతో సహా రమ్మని మామను పిలుస్తుంది. మామ ససేమిరా అంటాడు. సవారీలు నిండకుండా ఆటో కదలదు, మా వైపు అది శిలాశాసనం. "ఇంక ముగ్గురు రావాలె, ఆగుండ్రి" అంటాడు. చేసేది లేక ఆ గ్రహం వాళ్లే ముగ్గురు ఎక్కుతారు, అందులో ఒకడు డ్రైవరు పక్కన అర సీటు మీద వేలాడుతూ. అక్కణ్నుంచి చుక్కల మధ్య ప్రయాణం, ఎవరు చెయ్యెత్తినా ఆపడం. సవారీలకు ఇది తెగ నచ్చింది. కిరాణా కొట్టు సావుకారు (ఇంట్లో కన్నడం, కొట్లో తెలుగు) "వాళ్లకు కన్నడం వస్తదా?" అని రోజూ అడిగేవాడు. సంతకు పోయే ముసలమ్మ ఒకామె "నన్ను గూడ ఎక్కించు బిడ్డా, కిటికీ దిక్కు" అంది (ఆటోకు కిటికీ ఎక్కడిదని నేను అడగలేదు).

ఇక ముగింపు. గతుకుల్లో మామ బండి నడిపే తీరుకు ఆ గ్రహం రాజు ముచ్చటపడి, అతన్ని అక్కడే ఉంచేసుకుంటాడు. మామ తిరిగి రాడు. విషాదాంతం రాసినవాడే పెద్ద రచయిత అని అప్పట్లో నా గట్టి నమ్మకం. రాస్తూ నేనే ఏడ్చాను. మామ మాత్రం పొంగిపోయి, అన్నం దగ్గర కూర్చుని "ఇన్నవానే, ఆడ రాజు నన్ను ఇడుస్తనే లేడంట!" అని అత్తకు చెప్పాడు. ఆ పూట మామకు రెండో రొట్టె కూడా పడలేదు.

ఆదివారం చర్చిలో, ప్రార్థన మనవులున్నవాళ్లు చెప్పమని పాస్టరయ్య ఎప్పటిలాగే అడిగాడు. ఒకరికి జ్వరం, ఒకరికి పరీక్ష, ఒకరికి పాలివ్వని బర్రె. తర్వాత మా అత్త లేచింది. "మా ఇంటాయనను దూరం తీస్కపోయిన్రు అయ్యా. మల్ల ఇంటికొచ్చేటట్టు ప్రార్థన చెయ్యుండ్రి" అంది. చర్చి మొత్తం మగవాళ్ల వైపు తిరిగింది. అక్కడ మామ ఇస్త్రీ చొక్కాలో నిక్షేపంగా కూర్చుని ఉన్నాడు.

"ఏందమ్మా, ఆయన గీడనే కూసున్నడు గద?" అన్నాడు పాస్టరయ్య.

"గీడ కాదయ్యా, మా పిలగాడు రాసే కథల. ఆడ ఇడిచిపెడ్తలేరు."

ఆ పాస్టరయ్య దొడ్డ మనిషి, నవ్వలేదు. కళ్లు మూసుకుని "తండ్రీ, ఏ లోకములో ఉన్నను ఈ సహోదరుని క్షేమముగా ఇల్లు చేర్చుము" అన్నాడు. అందరూ ఆమెన్ అన్నారు. అందరికంటే గట్టిగా అన్నది మామే, అలవాటు కొద్దీ.

నాకు తల కొట్టేసినట్టయింది. బయటికి రాగానే "అత్తా, గది ఉత్త కథ!" అన్నాను.

"కథ అని నాకెర్క లేదారా? గా ఏజెంటు దుబాయిల మంచిగుంటదంటడు. నువ్వు గూడ ఆడనే మంచిగున్నడని రాస్తివి. ఇగ మంచిగుండదని చెప్పేటోడెవడు? నేను చెప్తె లొల్లి అంటడు. నువ్వు చెప్తె నోరు తెర్సుకొని ఇంటడు" అంది. ఆ మాట విన్నాక నా విషాదాంతం మీద నాకే మోజు పోయింది. ఆ సాయంత్రమే ముగింపు కొట్టేశాను.

మర్నాడు చుట్టాలను చూడాలని సాకు చెప్పి అత్త కూడా ఆటో ఎక్కింది. నేను మొదలుపెట్టాను. రాజు ఏమిచ్చినా మామకు అక్కడి తిండి సయించదు. నలుగురు సూర్యులున్నా పొద్దు పోదు. తిన్నావా అని అడిగే దిక్కుండదు. ఒకనాడు రాజుకు చెప్పకుండా ఆటో తిప్పుకుని వచ్చేస్తాడు. "వచ్చినంక ఏం తిన్నడో గూడ చెప్పు" అంది అత్త వెనక నుంచి. జొన్నరొట్టె, కందిపప్పు అన్నాను.

మామ ఆటోను పక్కకు ఆపి, తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. ఏమైందని సావుకారు అడిగితే "దుమ్ము" అన్నాడు. రాత్రంతా వాన పడింది, దుమ్మనేదే లేదు.

ఏజెంటు మరి రెండుసార్లు తిరిగి విసిగి మానుకున్నాడు. నవలను ఒక వారపత్రికకు పంపితే, ముగింపు బలహీనంగా ఉందని తిప్పి పంపారు. దానికి నేను ఎన్నాళ్లు అన్నం మానేసి కుమిలానో తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, ఆ కుర్రాడి మీద జాలీ వేస్తుంది. మొన్న మామ వాళ్లింటికి వెళ్లాను. ఆ బలహీనమైన ముగింపు తల నెరిసి, పీట మీద కూర్చుని, పప్పులో ఉప్పు తక్కువైందని అత్తతో కొట్లాడుతోంది.