వాషింగ్ మెషిన్ కింద బాబా బిళ్ళ

కువైట్‌లో ఇంటిపనికి చేరిన కొత్తలో జరిగిందిది. మేము బాబా అని పిలిచే ఆ ఇంటి పెద్దాయన, ఈ ఎండల దేశంలో ఐస్ హాకీ వచ్చిన తొలిరోజుల్లోనే దాని క్లబ్బు నడిపిన అధ్యక్షుడు. ఒకరోజు పాత ఆటగాళ్లు ఆయన్ని చూడటానికి వచ్చారు. మొదటి మ్యాచ్‌లో బంతికి బదులు ఆడిన రబ్బరు బిళ్ళ చూపిద్దామని బాబా అలమర తెరిస్తే, అది లేదు!

“యల్లా, తొందరగా వెతుకు!” అని, మేము మామా అని పిలిచే యజమానురాలు నా మీద అరిచింది. రబ్బరు ముక్కే కదా అని, ఊగుతున్న వాషింగ్ మెషిన్ కాలి కింద దాన్ని పెట్టింది నేనే మరి.

“మెషిన్ కదలకుండా ఉండేదానికి పెట్టినా బాబా,” అని ఏడ్చేశాను. ఇక ఊరికి పంపేస్తారనుకున్నాను.

బాబా మెషిన్ దగ్గరికొచ్చి, వంగి చూసి పకపకా నవ్వారు. “అధ్యక్షుడిగా ఉన్నన్నాళ్లూ నా కుర్చీ ఊగుతూనే ఉండేది. అప్పుడేమైపోయావమ్మా నువ్వు?”

బిళ్ళను అక్కడే ఉంచమన్నారు. ఇప్పుడు ఎంతటివాళ్లొచ్చినా, దాన్ని చూడాలంటే నేను బట్టలుతకడం అయ్యేదాకా ఆగాల్సిందే!