తల వంచి వినే సాయిబు గారు

గరికపాడు దాబా పక్కన ఉండే మెకానిక్ సాయిబు గారు ఏ లారీ చక్రం విప్పినా, ముందు బ్రేకు డ్రమ్మును స్పానరుతో కొట్టి, తల వంచి వినేవారు. ఖంగుమంటేనే డ్రమ్ము బాగుందని ఒప్పుకునేవారు.

ఒక ఎండాకాలం నా లారీ టైరు మారుస్తున్నారు. డ్రమ్ము సెగలు కక్కుతుంటే, త్వరగా చల్లారుద్దని బకెట్టు నీళ్లు పోశా. ఆయన గబగబా స్పానరు అందుకుని కొట్టి చూశారు. పగిలిన కుండలా మోగింది.

"కాలే ఇనుము మీద చన్నీళ్లు పోస్తే పైన ముడుచుకుద్ది, లోపల ఉబ్బే ఉంటది. చీలిపోద్ది. కంటికి కనపడదు, లోడు మీద బ్రేకు తొక్కితే ముక్కలైపోద్ది" అన్నారు.

తర్వాత నందిగామ రోడ్డు వైపు చూశారు.

"ఇందాక సిమెంటు లోడుతో వెళ్లిన మీ బావ లారీకి కూడా పోశావా?"

పోశా. వెంటనే బావకు ఫోను చేశా. మోగుతూనే ఉంది, ఎత్తట్లేదు.

సాయిబు గారు తల వంచి అది కూడా విన్నారు.